మా బడి వాతావరణం

మేడ మీద గది,
వానలు మొదలైన వారం.

శ్రీవారికి,

వేళకు తినకపోయినా తిన్నాననే రాస్తారని తెలిసిన మీ ఆవిడ, ఇక్కడ తాను బాగానే ఉన్నానని రాసేది.

మీ ఉత్తరం అందింది. కొండ గాలి బాగుందని, నీళ్లు చల్లగా ఉన్నాయని, డ్రైవర్లకు ఎవరి మంచం వాళ్లకు ఇచ్చారని రాశారు. బస్సు గురించి అర పేజీ రాశారు. క్లచ్ కొంచెం బిగువట, బ్రేకు మాత్రం వెన్నలా ఉందట. మీరెలా ఉన్నారో ఒక్క ముక్క లేదు. నేను క్లచ్‌ను కట్టుకోలేదు కదండీ!

ఇక్కడ ఇల్లు మరీ పెద్దదైపోయింది. ఉన్నదే ఒక గది, ఒక వంటిల్లు. మీరున్నప్పుడు ఇద్దరం ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఎటునుంచి ఎటు నడిచినా ఎవరూ తగలరు.

బడివాళ్లు బస్సులు కాంట్రాక్టుకు ఇచ్చేసి మిమ్మల్ని పంపేశాక మన బస్సుకు కొత్త రంగు వేశారు. తోలేవాడూ కొత్తే, ముందు మెట్టు దగ్గర సీట్లో కూర్చుని పిల్లల్ని ఎక్కించి దించే ఆవిడా కొత్తే. నన్ను ఉంచుకుని చిన్నపిల్లల తరగతులకు ఆయాగా వేశారని మీకు తెలిసిందే. అయినా పొద్దున్నే బస్సు గేటులోకి రాగానే నా కాళ్లు అటే పోతాయి. సగం దూరం పోయాక గుర్తొచ్చి వెనక్కి తిరుగుతాను. కాళ్లకు ఇంకా కబురు అందినట్టు లేదు.

మొన్న మెడలో కార్డు వేసుకున్న ఒకాయన వచ్చాడు. బడి వాతావరణం ఎలా ఉందో అందరినీ అడిగి తెలుసుకుంటారట. వంటావిడ నన్ను గిల్లి, "ఏముంది వదినా, ఉక్కపోత అని రాసుకోమను" అంది. నవ్వాపుకోలేక చచ్చాను. తీరా చూస్తే అది కాదట. ఇక్కడ పనిచేసేవాళ్లు, చదివేవాళ్లు సంతోషంగా ఉన్నారా, ఒకరినొకరు మర్యాదగా చూసుకుంటున్నారా అని అడుగుతారట. టీచర్లకు కాగితాలు పంచాడు. పిల్లలకు పంచాడు. అమ్మానాన్నలకు పంపించాడు. మా దగ్గరికొచ్చేసరికి సంచి మూసేశాడు.

"మాకు లేవా బాబూ?" అన్నాను.

"మీరు సపోర్ట్ స్టాఫ్ కదండీ, ఇది స్కూలు స్టాఫ్‌కి" అన్నాడు, పాపం మర్యాదగానే.

సపోర్ట్ అంటే ఆసరా అని మాతో పనిచేసే పొడుగమ్మాయి చెప్పింది. ఆసరా అంటే గోడ పడకుండా పెట్టిన కర్ర. ఇల్లు ఎలా ఉందని కర్రనెవరు అడుగుతారు?

కోపమేమీ రాలేదు. సాయంత్రం ఇంటికొచ్చి ఈ మాట మీకు చెబుదామని తలుపు తీసేదాకా మీరు లేరని గుర్తు లేదు, అంతే.

మీ
హెల్పరమ్మ.


కొండ మీద బడి, డ్రైవర్ల గది,
ఆదివారం మధ్యాహ్నం.

హెల్పరమ్మకు,

బస్సు పిల్లలు పెట్టిన పేరుతోనే సంతకం చేశావు. చదివి నవ్వుకున్నాను. పక్క మంచం డ్రైవరు "ఏంటన్నా, ఒక్కడివే నవ్వుతున్నావు?" అంటే ఉత్తరం దిండు కింద పెట్టేశాను.

నేనెలా ఉన్నానో రాయలేదన్నావు. రాస్తే నీకు నిద్ర పట్టదు. సరే, అడిగావు కాబట్టి రాస్తున్నా. పిల్లలంతా దిగిపోయాక అద్దంలోకి చూస్తాను. అది వెనక సీట్లు చూడటానికి పెట్టిన అద్దమని అందరూ అనుకుంటారు. నేను ఇన్నేళ్లూ దాన్ని ఎటు తిప్పి పెట్టుకున్నానో నీకు తెలుసు. ఇక్కడ ఎటు తిప్పినా సీట్లే కనిపిస్తున్నాయి.

ఇక్కడి పెద్దసారు చిత్రమైన మనిషి. పొద్దున ట్రిప్పులు అయ్యాక టీచర్లు, వంటవాళ్లు, డ్రైవర్లు, తోటమాలి అందరూ ఒకే పొడుగు బల్ల దగ్గర టీ తాగుతారు. మొదటి రోజు నేను గ్లాసు పట్టుకుని గుమ్మం బయటికెళ్లి నిలబడ్డాను. ఆయన బయటికొచ్చి, "ఏమయ్యా, లోపల కుర్చీలు కరుస్తాయా?" అన్నారు. వెళ్లి కుర్చీ అంచున కూర్చున్నాను. పక్కన లెక్కల టీచరమ్మ "చక్కెర ఇటు జరుపుతారా అండీ" అంటే నాతో కాదేమోనని వెనక్కి చూశాను. వెనక గోడ ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. చిన్నపిల్లల హాస్టల్‌కు ఒక ఆవిడ కావాలట. భార్యాభర్తలిద్దరూ ఇక్కడే పనిచేస్తే వంటగది వెనక ఒక గది ఇస్తారు. నేను చూసొచ్చాను. కిటికీ తెరిస్తే లోయ కనిపిస్తుంది. గోడకు కొంచెం చెమ్మ ఉంది, సున్నం వేయిస్తానన్నారు. పెద్దసారు "మీ ఆవిణ్ని అడగండి" అన్నారు.

అడుగుతున్నాను. వచ్చెయ్. వచ్చెయ్యవే.

నీ
డ్రైవరు.


మేడ మీద గది,
వాన వెలిసిన సాయంత్రం.

శ్రీవారికి,

కిటికీ గురించి చదివి చాలాసేపు కూర్చున్నాను. మీరు ఒకే మాట రెండుసార్లు రాయడం నేనెప్పుడూ చూడలేదు.

కానీ ఇప్పుడు రాలేను. చిన్నపిల్లలు నాకు అలవాటుపడ్డారు, మధ్యలో వదిలేస్తే బాగుండదు. దీని గురించి ఇంకేమీ అడక్కండి.

వేరే సంగతి రాస్తాను. మేము మధ్యాహ్నం ఎక్కడ తింటామో మీకు తెలుసు కదా, వెనక ఇనుప మెట్ల కింద, చీపుర్ల పక్కన. మెట్ల మధ్య సందులు. పైనుంచి పిల్లలు దిగితే దుమ్మంతా క్యారేజీలోనే. మీరున్నప్పుడు బస్సులో కూర్చుని తినేవాళ్లం కాబట్టి నాకు తెలిసేది కాదు. కొత్త ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చాక మాకు స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నీళ్లు పట్టుకోవడం కూడా లేదు, వెనక కుళాయికే పోవాలి.

వాతావరణం కాగితాలు మాకు రాలేదు కాబట్టి నోటితోనే చెబుదామనుకున్నాం. వంటావిడ, పొడుగమ్మాయి, గేటు దగ్గర మీసాలాయన, నేను, నలుగురం బయల్దేరాం. మేడమ్ గది ముందుకొచ్చి వెనక్కి చూస్తే పొడుగమ్మాయి ఒక్కతే ఉంది, అదీ సగం స్తంభం చాటున.

సరే, వెళ్లాను. "మేడమ్, మేము కూర్చుని తినడానికి ఏదైనా గది ఇప్పించండి. పాత బల్లలు పడేసిన గది ఖాళీగానే ఉంది" అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి, "మిమ్మల్ని ఎవరు పంపారు?" అంది.

"ఆకలి పంపిందండీ" అన్నాను.

"చూద్దాం" అంది. అంతే. తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. అంతా మామూలే.

మీరు చలికి చెవులు కప్పుకోండి. మీ చెవులకు చలి పడదు.

మీ
ఆవిడ.


కొండ మీద బడి,
మంచు పడుతున్న పొద్దున.

హెల్పరమ్మకు,

అడగొద్దన్నావు, అడగను.

మేడమ్ ముందు నువ్వన్న మాట ఇక్కడ టీ బల్ల దగ్గర చెప్పాను. తోటమాలి చప్పట్లు కొట్టాడు. నాకు మాత్రం మధ్యాహ్నం అన్నం దగ్గర అదే గుర్తొచ్చింది. దుమ్ము పడ్డ అన్నం నువ్వు తింటుంటే నేనిక్కడ కుర్చీలో కూర్చుని తింటున్నాను.

ఇక్కడ గేటు చాలా పెద్దది. రెండు రెక్కలూ తీయాలంటే ఒంట్లో బలం కావాలి. గేటు పక్కన ఒక పొద ఉంది, చిన్న తెల్లపూలు పూస్తుంది. పిల్లలు లోపలికొస్తూ ఒక్కోటి కోసుకుపోతారు. కోయొద్దని చెప్పడం గేటు పనివాడి పనే అనుకో, కానీ చెప్పబుద్ధి కాదు. గదికి సున్నం వేశారు. నేను ఊరికే వెళ్లి తలుపు తీసి చూసి వచ్చాను.

నీ
డ్రైవరు.


మేడ మీద గది,
గురువారం.

ఏమండీ,

మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. బస్సు గురించి ఒక్క ముక్క లేదు. క్లచ్ లేదు, బ్రేకు లేదు. గేటుందీ, పొదుంది, పూలున్నాయి. మీకు పూలంటే ఏనాడు పట్టింది? నేను తలలో పెట్టుకుంటే కూడా నేను చెప్పేదాకా చూసేవారు కాదు.

అక్షరాలేమిటి, అంత పెద్దవి రాశారు? ఒక్కో గీతలో నాలుగు మాటలు కూడా పట్టలేదు. గీత దాటి కిందికి దిగిపోయాయి.

ఏం జరిగిందో రాయండి. ఉత్తరం పెద్దదైనా పర్లేదు. చిన్నగా రాయకండి.

మీ ఆవిడ.


కొండ మీద బడి,
శనివారం.

హెల్పరమ్మకు,

నువ్వు నన్ను అడిగావు. నేనూ నిన్ను ఒకటి అడగాలి.

మీసాలాయన మేనకోడలు తన కూతుర్ని ఇక్కడి హాస్టల్‌లో చేర్చడానికి వచ్చింది. గేటు దగ్గర నన్ను గుర్తుపట్టి పలకరించింది. "మీ ఆవిణ్ని చిన్నపిల్లల దగ్గర్నుంచి తీసేసి పెద్దపిల్లల బ్లాకులో బాత్‌రూములకు వేశారట కదన్నా, మావయ్య బాధపడ్డాడు" అంది. వంటావిడ నీతో మాట్లాడటం మానేసిందని కూడా చెప్పింది.

చిన్నపిల్లలు అలవాటుపడ్డారు, అందుకే రాలేనన్నావు. ఆ మాట నేను నమ్మాను. నిన్ను ఎప్పుడైనా నమ్మకపోవడం జరిగిందా? గది అడిగినందుకే కదా వేశారు? ఎందుకు దాచావు?

కోపంగా రాద్దామని కూర్చున్నాను. కుదరలేదు. ఎందుకంటే నేనూ దాచాను.

నేను బస్సు తోలడం లేదు. వానలు వెలిసిన కొత్తలో ఒక సాయంత్రం పిల్లల్ని దించడానికి పోతున్నాను. మలుపులో రాళ్ల బండి ఆగి ఉంది. దాని వెనక దీపం కూడా ఉందట, పిల్లలు చెప్పారు. నా కంటికి దగ్గరకొచ్చేదాకా ఆనలేదు. బ్రేకు వేశాను, ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఒక పిల్ల నీళ్ల సీసా దొర్లిందంతే. కానీ నా చేతులు స్టీరింగు మీంచి రాలేదు. పిల్లలందరినీ మెల్లగా దించి, బడికొచ్చి, తాళాలు తీసుకెళ్లి పెద్దసారు బల్ల మీద పెట్టాను. "సారూ, నాకు కళ్లు సరిగా కనిపించట్లేదు. రేపట్నుంచి తోలను" అన్నాను.

సంచి సర్దుకోమంటారనే అనుకున్నాను. అక్కడైతే అదే కదా. ఆయన తాళాలు తీసి సొరుగులో పెట్టారు. తర్వాత "ఈ మాట చెప్పడానికి మీకెంత కష్టమైందో నాకు తెలుసు. గేటు చూసుకోండి. కళ్లు డాక్టరుకు చూపిద్దాం" అన్నారు. అప్పటిదాకా గట్టిగానే ఉన్నాను. గదికొచ్చి మంచం మీద కూర్చుంటే ఏడుపు ఆగలేదు.

రెండు కళ్లకీ శుక్లాలట. వేసవి సెలవుల్లో ఆపరేషను చేస్తారు, మళ్లీ బాగా కనిపిస్తుందంటున్నారు. భయపడకు. నీకు రాయకపోవడానికి కారణం ఒక్కటే. నా కళ్ల కోసం నువ్వు పరుగెత్తుకు రావడం నాకిష్టం లేదు. నా కోసం రావాలని ఉంది.

నీ
డ్రైవరు, ఇప్పుడు గేటు.


మేడ మీద గది,
చలి బాగా ఉంది.

ఏమండీ,

మీ ఉత్తరం చదివి ముందు తిట్టాను. మీకు వినపడి ఉంటుంది. తర్వాత ఏడ్చాను. తర్వాత లేచి బట్టలు ఉతికాను, ఏమీ తోచక.

ఇప్పుడు మొత్తం రాస్తాను, కూర్చుని చదవండి. కనిపించకపోతే ఆ లెక్కల టీచరమ్మ చేత చదివించుకోండి, నాకేం సిగ్గు లేదు.

మేడమ్ దగ్గరికెళ్లిన మర్నాడే నన్ను మార్చేశారు. బాత్‌రూములు కడగడం నాకు చిన్నతనం కాదు, అదీ పనే. కానీ అది శిక్షగా ఇచ్చారని అందరికీ తెలుసు, అదే గుచ్చుకుంది. చిన్నపిల్లలు కిటికీలోంచి నన్ను చూసి చెయ్యి ఊపేవాళ్లు. నేను అటు తిరిగేదాన్ని కాదు, తిరిగితే పరుగెత్తుకొస్తారు, వస్తే వాళ్లను తిడతారు.

వంటావిడ మాట్లాడలేదు. "నీకేం, మొగుడు అక్కడ పని చూసి పెట్టాడు. నీ మూలంగా మా కొంపలు మునుగుతాయి" అంది ఒకరోజు. అది నిజం కాదా అండీ? నాకు పోవడానికి ఒక చోటుంది, వాళ్లకు లేదు. మంట రాజేసి నేను బండెక్కేస్తే ఏమంటారు? అందుకే రాలేనన్నాను. మీ దగ్గరికి రావాలని లేక కాదు. ఆ కిటికీ గురించి చదివినప్పటి నుంచి రోజూ అక్కడే ఉన్నాను, ఒళ్లు మాత్రం ఇక్కడ ఉంది.

పోయిన వారం ఇది జరిగింది. మధ్యాహ్నం మెట్ల కింద తింటున్నాం. వాన తుంపర, అందరి చెప్పులకూ బురద. పైనుంచి ఎవరో గబగబా దిగారు. బురద పెచ్చు ఒకటి వచ్చి సరిగ్గా వంటావిడ క్యారేజీలో పడింది. ఎప్పుడూ పడేదే, తీసి పక్కన పెట్టి తింటాం. ఆ రోజు ఆవిడ తియ్యలేదు. తలెత్తి చూసింది. మెట్ల సందుల్లోంచి కొత్త మేడమ్ కనిపించింది.

నాతో మాట్లాడని మనిషి, మేడమ్ పేరెత్తితేనే వణికే మనిషి, కూర్చున్నచోటు నుంచి లేవకుండా అంది కదా, "మేడమ్, మీ చెప్పు కింద మా అన్నం ఉంది."

గట్టిగా అనలేదు. మామూలుగా, దారిలో గుంట ఉంది చూసుకోండి అన్నట్టు అంది.

మేడమ్ కదల్లేదు. ఒక కాలు పై మెట్టు మీద, ఒకటి కింద మెట్టు మీద. తర్వాత దిగి, వంగి, మా దగ్గరికి లోపలికొచ్చింది. తలకు ఇనుప కమ్మీ తగిలింది. మేం రోజూ వంగే వంగుడు ఆవిడకేం తెలుసు? చీపుర్లు చూసింది, క్యారేజీ చూసింది.

"నాకు ఎవరూ..." అని ఆగిపోయింది. నన్ను చూసింది. "చెప్పారు. నేనే సరిగా వినలేదు" అంది.

చేతులు జోడించి క్షమించమని అడగలేదు లెండి, అలాంటివి కథల్లో జరుగుతాయి. మొహం ముడుచుకునే వెళ్లిపోయింది. కానీ సాయంత్రానికి పాత బల్లల గది తాళం మీసాలాయన చేతికొచ్చింది. నన్ను చిన్నపిల్లల దగ్గరికి మళ్లీ పొమ్మన్నారు. ఆ కార్డు మనిషి వచ్చే ఏడాది వచ్చినప్పుడు మాకూ కాగితాలివ్వాలని మేడమ్ చెప్పిందట. చదవడం రానివాళ్లకు పొడుగమ్మాయి చదివి పెడుతుంది.

అందరం కలిసి ఆ గది కడిగాం. వంటావిడ బకెట్టు నా చేతికిస్తూ "పట్టుకో వదినా" అంది. అదే మొదటి మాట. పట్టుకున్నాను.

మర్నాడు తలుపు వేసుకుని, ఫ్యాను కింద, బల్ల మీద క్యారేజీలు పెట్టుకుని తిన్నాం. ఎవరికీ ఏం మాట్లాడాలో తోచలేదు. మెట్ల కింద అయితే తెగ వాగేవాళ్లం! నేను బల్ల చివర కూర్చుని పక్కన చోటు వదిలాను. పొడుగమ్మాయి "అక్కడెవరికి పిన్నీ?" అంది. నాకు తెలియకుండానే వదిలానండీ. జరిగి కూర్చుందామనుకున్నాను. జరగలేకపోయాను.

ఆ సాయంత్రమే మేడమ్‌కు చెప్పాను, పరీక్షలయ్యాక మానేస్తానని. "ఇప్పుడెందుకు, ఇబ్బందులన్నీ తీరాయిగా?" అంది. "ఇక్కడివి తీరాయండీ" అన్నాను.

మీ కళ్లకోసం వస్తున్నాననుకోకండి. కళ్లకు డాక్టరున్నాడు. నాకు రాత్రి అన్నం ఒక్కదానికే వండుకోవడం చేతకావట్లేదు. రోజూ ఎక్కువవుతోంది. అందుకే వస్తున్నాను.

పరీక్షలయిన మరుసటి వారం బయల్దేరతాను. బస్టాండుకు రావద్దు. చూపు సరిగా లేని మనిషి జనంలో నాకోసం వెతుక్కోవడం నేను చూడలేను. గేటు దగ్గరే ఉండండి. కొండెక్కే బస్సు బడి ముందే ఆగుతుందని మొదటి ఉత్తరంలో మీరే రాశారుగా. నేనే వచ్చి పిలుస్తాను.

మీ
హెల్పరమ్మ.


కొండ మీద బడి, గేటు దగ్గర,
ఎండ కాస్తోంది.

హెల్పరమ్మకు,

ఈ ఉత్తరం నీకు అందదు. ఈపాటికి నువ్వు బయల్దేరి ఉంటావు. అయినా రాస్తున్నాను. ఊరికే కూర్చుంటే చేతులు ఆగట్లేదు.

గదిలో మంచం వేయించాను. నీళ్ల కుండ తెచ్చాను. కిటికీ రెక్క ఒకటి పట్టేస్తే వడ్రంగి చేత చిత్రిక పట్టించాను. పొద్దున టీ బల్ల దగ్గర లెక్కల టీచరమ్మ తన పక్క కుర్చీ లాగి, "ఇది మీ ఆవిడకు" అంది. నువ్వు మొదట్లో గుమ్మం బయట నిలబడతావు, నాకు తెలుసు. నేను పిలుస్తాను. కుర్చీలు కరవవు.

పొద్దుట్నుంచి ఒకటే పని. మలుపులోంచి ఎవరు నడిచొచ్చినా లేచి నిలబడుతున్నాను. మసకగా ఒక ఆకారం, చేతిలో సంచి, నువ్వే అనుకుంటాను. దగ్గరికొస్తే పోస్టు మనిషి, కూరగాయలావిడ, ఇందాక ఎవరో పిల్లవాడి తాతగారు కూడా. ఆయనకు వంగి దణ్ణం పెట్టి సర్దుకున్నాను. తోటమాలి చూసి నవ్వుతున్నాడు. నవ్వనీ.

ఎలా ఉన్నావో ఏమో. చిక్కిపోయి ఉంటావు. అడిగితే లేదంటావు.

ఇంత కాలం ఉత్తరాల్లో ఎన్నో రాసుకున్నాం గానీ నువ్వొచ్చి ఎదురుగా నిలబడితే ఏం మాట్లాడాలో తెలియట్లేదు. "ప్రయాణం బాగా జరిగిందా?" అంటానేమో, కొత్తవాళ్లను అడిగినట్టు. అంటే తిట్టు.

కింద కొండ మొదట్లో బస్సు శబ్దం వినిపిస్తోంది. ఎక్కుతోంది. రెండో గేరు వేశాడు. తొందరపడ్డాడు, ఇంకాసేపు ఆగాల్సింది. ఇప్పుడు పెద్ద మలుపు. ఇప్పుడు చిన్న మలుపు.

ఆపేస్తున్నాను. గేటు తియ్యాలి.